బానెట్ కింద నిమ్మకాయలు

మాదాపూర్ రేకుల షెడ్డులో ఐలయ్య మేస్త్రి ఏ బండి వచ్చినా ముందు బీడీ ఆర్పి చెవిలో దోపుకుంటాడు. మీటర్లను నమ్మడు, అరచేతిని నమ్ముతాడు. మీటర్లు చూసి బెదిరేవాళ్లంటే అతనికి మహా జాలి. ఆ ఉదయం సాఫ్ట్‌వేర్ మేనేజర్ జనార్దన్ తన జపాన్ డీజిల్ బండిని నలుగురితో తోయించుకుంటూ వచ్చాడు. పొగగొట్టం మాడిపోతోందని ఎర్రదీపం వెలుగుతోందట. కంప్యూటర్‌కు చేసినట్టే పదిసార్లు ఆపి స్టార్ట్ చేశాడట కూడా. "సెన్సర్ రెండుసార్లు మార్పించానయ్యా! ఇంజన్ పోతుందేమోనని ఇక్కడిదాకా తోయించాను!"

తాళం తిప్పితే దీపం వెలిగింది. ఐలయ్య గొట్టానికి అరచేయి ఆనించాడు. "సల్లగ మంచులెక్కుంది సారూ. దీపమే అబద్ధమాడుతున్నది." సెన్సర్ తీగ వెంట వేళ్లు పోనిస్తే, దానికి వేలాడగట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ తగిలాయి. వాటి బరువుకు తీగ సాగి, బండి నడిచేటప్పుడు వేడి గొట్టానికి ఆని, తొడుగు కాలిపోయింది.

"గిక్కడ ఎవరు కట్టిన్రు?"

"నేనే. బయట కడితే ఆఫీసులో నవ్వుతారని..."

"దిష్టి సంగతేమో గని, సెన్సర్‌కు ఉరి వేసిన్రు!"

ఐలయ్య కడుపుబ్బ నవ్వుతూనే నిమ్మకాయలు విప్పి, తీగకు టేపు చుట్టి పైకి కట్టాడు. దీపం ఆరింది. జనార్దన్ స్టీరింగ్ ముందు కూర్చోగానే ఐలయ్య అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడంలేదని తేల్చుకుని, విప్పినవాటిలో ఓ నిమ్మకాయను ముందు చక్రం కింద పెట్టాడు.

"ఇగ పోనీయుండ్రి సారూ."