వియ్యపురాలు ఏజెన్సీ అన్నందుకు

"ఏజెన్సీ పేరోల్‌లో చేరితే వాళ్లిచ్చినంత పుచ్చుకోవడమేగా? అంబ్రెల్లా కంపెనీ అయితే చేతికి ఎక్కువొస్తుందని నువ్వే అన్నావు," అన్నాను.

"వస్తుంది, కాదనను. మరి ఇన్సూరెన్స్ ఎవరిస్తారమ్మా? నాకిప్పుడు మూడో నెల," అంది మా అమ్మాయి.

"మేం ఇన్సూరెన్సులు చూసుకుని కన్నామటే మిమ్మల్ని?"

"ఇది ప్లెయిన్స్‌బరో, మన ఊరు కాదు. ఇక్కడి కాన్పు బిల్లు చూస్తే నీకు నొప్పులొస్తాయి."

సోఫాలో కూచున్న మా వియ్యపురాలు కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మాయికి ఒక ఆఫీసులో కాంట్రాక్టు పని కుదిరింది. కుదిర్చిన ఏజెన్సీ తన పేరోల్‌లోనే పెట్టుకుంటానంది. జీతం కాస్త తక్కువ, ఇన్సూరెన్స్ మాత్రం వాళ్లే ఇస్తారు. లేదంటే అంబ్రెల్లా కంపెనీ. అది మధ్యలో నిలబడి, పనిచేసిన గంటలకొచ్చే డబ్బులో తన వాటా పట్టుకుని మిగతాది ఇస్తుంది. ఇన్సూరెన్స్‌కి మన తిప్పలు మనం పడాలి. అల్లుడేమో ఉద్యోగం మానేసి మళ్లీ చదువుకుంటున్నాడు. ఇల్లంతా అమ్మాయి జీతం మీదే నడవాలి.

కొత్తిమీర కాడలు కూడా పారేయకుండా పచ్చట్లో వేసే మనిషిని నేను. నన్ను ముందు అడిగుంటే, కాన్పు బిల్లు నెత్తిన పడకుండా ఏజెన్సీయే అనేదాన్ని. అడగలేదు.

ఈ దేశంలో చిన్నపిల్లలున్న మనవాళ్ల ఇళ్లలో అమ్మకు ఆరు నెలలు, అత్తకు ఆరు నెలలు వంతు. నా వంతు ఇంకా పది రోజులుండగానే ఆవిడ దిగింది. దిగిన మర్నాడే అమ్మాయి ఆ రెండు కంపెనీల కాగితాలూ తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. నాది మూడో తరగతి. ఆరు నెలలు ఈ ఇంట్లో వండి వార్చి, మనవరాలిని చూసుకున్నా ఒక్క కాగితం నా ముందుకు రాలేదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలుతో అక్కడక్కడా గీతలు గీసి, "ఏజెన్సీయేనమ్మా" అని తేల్చేసింది. అందుకే నేను అంబ్రెల్లా అన్నాను.

"కాన్పయ్యేదాకా ఏజెన్సీలో ఉండనివ్వండి వదినగారూ. తర్వాత కావాలంటే మారుతుంది," అందావిడ మెల్లిగా.

"మీకేం, చదువుకున్నవారు. కన్నది మాత్రం నేను."

"కన్నది మీరే. ఇప్పుడు కనాల్సింది అమ్మాయి కదండీ."

ఆవిడ గొంతు పెంచినా బావుండేది, పెంచలేదు.

"అమ్మా, నిజం చెప్పు," అంది అమ్మాయి. "అత్తయ్య అంబ్రెల్లా అనుంటే నువ్వేమనేదానివి?"

"గిన్నెలు ఎండిపోతున్నాయి," అని లేచి సింకు దగ్గరకెళ్లాను. కడుపుతో ఉన్న కూతురికి తప్పు సలహా అని తెలిసే ఇచ్చాను. నా మాట నెగ్గితే చాలనుకున్నాను. వెనక వాళ్లిద్దరూ ఇంగ్లీషులో ఏదో అనుకుంటుంటే కుళాయి ఇంకాస్త తిప్పాను.

మర్నాడు పొద్దున్న అమ్మాయి ఏజెన్సీ కాగితాల మీద సంతకం పెట్టి, ఎడిసన్‌లో వాళ్ల ఆఫీసులో ఇచ్చి రావడానికి బయల్దేరింది. "అత్తయ్యా, మీరూ రండి. ఇంకేమైనా ఫారాలిస్తే చూద్దురుగాని," అంది. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని ముందు సీట్లో కూచుంది. నేను మనవరాలికి జడ వేసి స్కూలు బస్సు ఎక్కించాను.