చెకింగ్‌లో ఆగిన అమ్మ పాట

నాన్నకు వినబడటం తగ్గిన సంగతి మొదట చర్చిలో బయటపడింది. వారమంతా ఆయన బందరు, గుడివాడల మధ్య బస్సులో కండక్టరు. ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేవారు. ఒక ఆదివారం ఆడవాళ్ళు పాట ముగించి కూర్చున్నా ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ మరుసటి వారం నుంచి ఆయన హార్మోనియం దగ్గరికి వెళ్ళలేదు, వెనక బెంచీలో కూర్చున్నారు.

గుడివాడలో చెవుల డాక్టరు గారు పరీక్షలన్నీ చేశారు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన నిలబడటం వల్ల వచ్చిందనీ, ముందు సన్నటి గొంతులు పోతాయనీ, బొంగురు గొంతులు కొంతకాలం వినబడతాయనీ చెప్పారు. నాన్న ఒక్కటే అడిగారు.

"ఆడవాళ్ళ పాటలు ఎన్నాళ్ళు వినబడతాయండీ?"

డాక్టరు గారు మందుల చీటీ రాసి చేతికిచ్చారు. తిరిగొచ్చేటప్పుడు గుడ్లవల్లేరు దాటాక నాన్న కిటికీలోంచి చూస్తూనే, "మీ అమ్మ పాట ఒక్కసారి వినాలమ్మా, ఈలోగా" అన్నారు.

అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆమె గొంతు ఒకే ఒక్క క్యాసెట్టులో ఉండేది. బంటుమిల్లిలో మేనత్త ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగిన రోజు, మేనత్త కొడుకు, మా బావ, టేప్‌రికార్డర్ దగ్గర పెట్టి పట్టిన పాట అది. మా ఇంట్లో ఉన్న నకలును మా టేప్‌రికార్డరే ఎప్పుడో నమిలేసింది. అసలుది హైదరాబాదులో బావ దగ్గర ఉంది. ఫోన్ చేస్తే పాపం వెంటనే సీడీ చేయించి పంపాడు. కవరు విప్పితే రెండు ముక్కలు.

"ఇలా లాభం లేదు, నెట్‌లో పంపిస్తాను" అన్నాడు.

ఆ రోజుల్లో మా బందరులో కోనేరు సెంటర్ దగ్గర సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. నేను బడిలో పాఠాలు చెప్పి, చేతికున్న సుద్ద కడుక్కుని అక్కడికి వెళ్ళేదాన్ని. నాన్న కూడా వచ్చేవారు. ఆ మిషన్లలో కొత్తగా యాంటీవైరస్ వేయించారు. దాని పద్ధతి ఏమిటంటే, నెట్‌లోంచి ఏది వచ్చినా ముందు తనే తీసుకుంటుంది. ఆ మూలా ఈ మూలా చూసి, నచ్చితే మనకిస్తుంది. ఈమెయిల్ ఉత్తరాల పేజీ తెరుచుకోవడానికే పొద్దు గూకేది. పాట దిగుతున్నట్టు పచ్చగీత చివరిదాకా పాకి, అక్కడ బిగుసుకుపోయేది. పాట మొత్తం వచ్చేసినట్టే. కానీ యాంటీవైరస్ చూసి వదలాలి. అది చూస్తుండగానే లైను తెగేది. మళ్ళీ మొదటికి. చుట్టాలు విస్తరి ముందు కూర్చున్నాక బియ్యంలో రాళ్ళు ఏరే మనిషిని చూస్తే ఎలా ఉంటుందో నాకు అలా ఉండేది.

"దాన్ని కాసేపు ఆపండి" అన్నాను ఓనరుతో.

"ఆపలేనండీ టీచరు గారూ. ఆమధ్య ఎవరో ఏదో దింపితే మిషన్లన్నీ పడుకున్నాయి. డిగ్రీ పిల్లల ప్రాజెక్టులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వాళ్ళు ఇక్కడే కూర్చుని ఏడ్చారండీ."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

నాన్నకు మాత్రం కోపం రాలేదు. "చెకింగ్ వాళ్ళు బస్సెక్కితే వాళ్ళు దిగేదాకా కదలకూడదమ్మా. వాళ్ళ పని వాళ్ళది" అనేవారు. ఆయన ఉద్యోగమంతా అలా ఆగి నిలబడటం అలవాటే.

ఒక సాయంత్రం లైను తెగలేదు. పచ్చగీత నిండింది. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో తెర మీద ఎర్రడబ్బా ఒకటి ఊడిపడింది. ప్రమాదకరమైన ఫైలు, తీసేశాను అని దాని అర్థం. మా అమ్మ పాట ప్రమాదకరమట! వెతికితే ఎక్కడా లేదు.

బావకు ఫోన్ చేస్తే విషయం తెలిసింది. మావయ్యకు కంప్యూటర్ రాదు కదా అని, అక్కడ షాపులో చెప్పి, నొక్కగానే దానంతటదే తెరుచుకుని అత్తయ్య ఫోటో, పాట కలిసి వచ్చేలా చేయించాడట. అలా దానంతటదే నడిచే ఫైలు మీదే యాంటీవైరస్‌కు అనుమానం. నాన్నకు సులువుగా ఉండాలని ప్రేమతో చేసిందే కొంప ముంచింది.

"ఉత్త పాట పంపు బావా, చాలు" అన్నాను.

ఆ వారమే బావను ఆఫీసు పని మీద ఒరిస్సా పంపారు. క్యాసెట్టు బీరువాలో, తాళం అతని దగ్గర. వానలు మొదలయ్యాయి. మంగినపూడి నుంచి చేపలు తెచ్చే ఆమె వాకిట్లో నిలబడి పిలిచినా నాన్న పేపర్లోంచి తలెత్తడం మానేశారు. నేను ఇంట్లో గొంతు బొంగురు చేసుకుని మాట్లాడటం నేర్చుకున్నాను. నాకు భయంగా ఉండేది. రోజూ ఏదో ఒక చప్పుడు ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టే ఉండేది.

బావ తిరిగొచ్చి ఉత్త పాట పంపాడు. ఆ సాయంత్రం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయల్దేరారు. ఈసారి యాంటీవైరస్ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వదిలేసింది. ఓనరే వచ్చి సౌండు పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్లు నాన్న చెవులకు తగిలించాడు. నేను నొక్కాను.

టేపు గరగర నాకు వినబడింది. వెనక ఎవరో దగ్గారు. అమ్మ అందుకుంది. హెడ్‌ఫోన్ల సందులోంచి ఆమె సన్నటి గొంతు నా దాకా వస్తోంది. నాన్న కళ్ళార్పకుండా తెరనే చూస్తున్నారు. పల్లవి అయింది. మొదటి చరణమూ అయింది.

ఆయన నా వైపు తిరిగారు.

"ఇంకా చెకింగ్ అవుతోందా, అమ్మాయ్?"

అమ్మ రెండో చరణం ఎత్తుకుంది. నేను ఒక వైపు హెడ్‌ఫోను పక్కకు జరిపి, గొంతు బొంగురు చేసుకుని, "అవును నాన్నా, ఇంకా అవుతోంది" అన్నాను. ఆయన సరేనన్నట్టు తలాడించి, హెడ్‌ఫోను మళ్ళీ సరిచేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.