పన్నెండు రేకుల పేక

మా బావ కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే కౌంటరు, అదే గుండ్రటి అద్దం, అదే నవ్వు. పేపరును చెయ్యి చాచి దూరంగా పట్టుకునేవాళ్ళు లోపలికొస్తే, వాళ్ళు కూర్చోకముందే పసిగట్టేస్తాడు. "చత్వారం అండీ. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? తెల్ల వెంట్రుక వచ్చినట్టే ఇదీను" అని ధైర్యం చెబుతాడు. అలా ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి, తనకు చత్వారం వచ్చి రెండేళ్ళయినా ఎవరితోనూ చెప్పలేదు.

కనిపెట్టింది నేను. నాకు చిన్న టైలరింగు షాపు ఉంది. ఒకరోజు చొక్కా గుండీ ఊడిందని బావ వచ్చాడు. నేను మిషను మీద ఉండి, "ఆ సూదిలో దారం ఎక్కించి పెట్టు బావా" అన్నాను. దారం కొస తడిపాడు. సూదిని దీపం వైపు ఎత్తాడు, గుమ్మం వైపు తిప్పాడు, చేతికి ఎంత దూరం అందితే అంత దూరం చాచాడు. చివరికి, "ఈ సూదికి బెజ్జం వేయడం మర్చిపోయారు" అన్నాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాను కాబట్టి నవ్వలేకపోయాను. ఎప్పటికైనా పనికొస్తుందని ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాను.

బావకు ఇంకో పిచ్చి ఉంది, పేకముక్కల మేజిక్. పెళ్ళైన కొత్తలో మా అందరినీ వరసగా కూర్చోబెట్టి, అక్క చెవి వెనకనుంచి ఇస్పేట్ రాణిని తీయబోయాడు. రాణిగారు చొక్కా చేతిలోంచి జారి నాన్న మంచినీళ్ళ గ్లాసులో పడింది. "ఇంకొంచెం సాధన కావాలి" అన్నాడు బావ. ఆ ఇంకొంచెం పద్నాలుగేళ్ళుగా నడుస్తూనే ఉంది.

చెయ్యి తిరగలేదు గానీ పట్టింపు మాత్రం కొండంత. మేజిక్ చేసేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా అచ్చేసిన పేకలు దొరుకుతాయి, వెనకవైపు బొమ్మలోనే రహస్యపు గుర్తులుంటాయి. వాటి పేరెత్తితే బావకు ఒళ్ళు మండేది. "అది మేజిక్ కాదు మరదలా, అచ్చాఫీసు వాడి గొప్ప. పని ముక్కే చేసేస్తే ఇక మనిషెందుకు?" అనేవాడు. "నీ చేతికన్నా ఆ అచ్చాఫీసే నయమేమో బావా" అన్నానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక మా నాన్న. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. మలుపులో ఎదురొచ్చే బస్సు నంబరు కండక్టరుకన్నా ముందు చదివేవాడు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు. అడిగితే, "ఈ మధ్య బల్బులు సరిగా చేసి చావడం లేదు" అంటాడు. ఓసారి బట్టల షాపు ముందు నిలబెట్టిన బొమ్మను "కాస్త పక్కకు జరగమ్మా" అని రెండుసార్లు అడిగాడట. ఆ పిల్లకు మర్యాద తెలీదని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ తర్వాతి వారం నవ్వు పోయింది. రోడ్డు దాటుతూ నాన్న మీదికొస్తున్న బస్సును చూసుకోలేదు. ఆ డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడబట్టి సరిపోయింది. మోచెయ్యి గీరుకుపోయి, చొక్కా జేబు చిరిగి ఇంటికొచ్చాడు. ఆ జేబు కుట్టింది నేనే. బస్సే బతుకైన మనిషికి బస్సు కనపడలేదన్న ఆలోచనకు కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టాను.

ఇంకా నాన్చితే ఆపరేషన్ కష్టమవుతుందని డాక్టరు చెప్పేశాడు. బావ వచ్చిన ప్రతి ఆదివారం బతిమాలేవాడు. నాన్నకు ఆపరేషనంటే భయం, భయమని ఒప్పుకోవడమంటే అంతకన్నా భయం. ఒక ఆదివారం విసిగిపోయి ఇలా అన్నాడు. "నువ్వు పెద్ద గారడీవాడివి కదా అల్లుడూ. వచ్చే వారం నేనో ముక్క తీస్తాను. అదేదో చెప్పు. చెబితే ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. చెప్పలేకపోతే ఈ ఇంట్లో ఇక కంటి మాట ఎత్తకూడదు."

పద్నాలుగేళ్ళుగా అల్లుడి విద్య చూస్తున్న మనిషి, గెలుపు ఖాయమనుకునే పందెం కాశాడు.

మర్నాడు పొద్దున్నే బావ నా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"చెప్పగలవా బావా?" అన్నాను.

"చెప్పలేను." పద్నాలుగేళ్ళలో మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు. "ఆ అచ్చేసిన పేక తెప్పిస్తున్నాను. ఎవరితోనూ అనకు."

నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. కాసేపటి వరకే అనుకోండి.

గురువారానికి పార్సిలొచ్చింది. మామూలు పేకలాగే ఉంది. వెనకంతా నీలం తీగలు, మూలన ఒక పువ్వు. ఆ పువ్వుకు గడియారంలో అంకెల్లాగా పన్నెండు రేకులు. ఎన్నో రేకు తెల్లగా ఉంటే అదే ముక్క, పన్నెండోది రాణి, ఏ రేకూ తెల్లగా లేకపోతే రాజు. పువ్వు కింద నాలుగు ఆకులు, ఆఠీనో డైమనో అవి చెబుతాయి. నేను పావుగంటలో నేర్చేసుకున్నాను. బావ షాపు నుంచి భూతద్దం తెచ్చుకుని చూశాడు. భూతద్దంతో ఒక్కటి తప్పితే ఒట్టు. అది పక్కన పెడితే మాత్రం, ఆ పువ్వు రేకులు అల్లుకుపోయి ఆయనకు నీలం మచ్చే మిగిలింది.

"ఆదివారం భూతద్దం పట్టుకొస్తావా?" అన్నాను.

"వెలుతురుంటే కనపడుతుంది."

"కళ్ళద్దాలు పెట్టుకో బావా."

"ఎవరికి కళ్ళద్దాలు?"

"సూదికి బెజ్జం లేదన్నాయనకు."

బావ మొహం పాలిపోయింది. "మామయ్యగారి ముందు ఎలా పెట్టుకోను? ముందు నీ కళ్ళ సంగతి చూసుకోమంటారు. నా మాటకు ఇక విలువేముంటుంది?" అన్నాడు. ఆ మాట నిజమే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల చుట్టూ చేరాం. బావ కిటికీ పక్క కుర్చీ పట్టాడు. నాన్న పేకను మూడుసార్లు కలిపి, మధ్యలోంచి ఒక ముక్క లాగాడు. ముక్కుకు ఆనించి చూశాడు, దూరం జరిపి చూశాడు, తల పంకించాడు. తర్వాత ముక్క మొహం గుండెకు ఆనించి, వీపు బావకు చూపించాడు.

"చెప్పు."

బావ కళ్ళు చికిలించాడు. "కాస్త పైకెత్తండి మామయ్యగారూ." ఎత్తాడు. "కాస్త వెలుతురు వైపు."

"చెప్పాల్సింది నువ్వా, వెలుతురా?" అన్నాడు నాన్న.

బావ నుదుటి మీద చెమట. నేను బావ వెనకే నిలబడ్డాను. నాకు పువ్వు శుభ్రంగా కనపడుతోంది, ఎనిమిదో రేకు. ఆగలేక ఎనిమిదిసార్లు దగ్గాను. బావకు అర్థం కాలేదు గానీ, అమ్మ లేచి వెళ్ళి నాకు నీళ్ళు తెచ్చిచ్చింది.

అప్పుడు మా అక్క లేచింది. బావ సంచీలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక కళ్ళద్దాల డబ్బా తీసింది. తెరిచి, తుడిచి, మొగుడి ముక్కు మీద పెట్టి, "చూడండి, ఇక చాలు" అంది. అంటే అక్కకూ ఎప్పటినుంచో తెలుసన్నమాట.

నాన్న కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! ఊరందరికీ అంటగట్టేవాడివి, నీవి సంచీలో దాచుకున్నావా? నాకు నీతులు చెప్పడానికొచ్చావే!"

బావ చెవులు ఎర్రబడ్డాయి. పోవాల్సిన పరువు ఎలాగూ పోయింది. ముందుకు వంగి ఒక్కసారి ముక్క వైపు చూసి, "డైమన్ ఎనిమిది" అన్నాడు.

నాన్న బల్ల మీద చరిచాడు. "తప్పు! ఆఠీన్ ఆరు! అయిపోయింది, ఇక నా కళ్ళ జోలికి రావద్దు" అంటూ ముక్కను బల్ల మీద వెల్లకిలా పడేశాడు.

బల్ల మీద ఉన్నది డైమన్ ఎనిమిది.

"ఏమండీ," అంది అమ్మ మెల్లగా, "అది ఎనిమిదేనండీ."

"అందరూ ఒకటయ్యారు" అని నాన్న ముక్క తీసుకుని బాల్కనీలోకి నడిచాడు. మా వైపు వీపు పెట్టి, ఎండలో తలొంచుకుని, బొటనవేలి గోరుతో ఒక్కో గుర్తునూ లెక్కపెట్టాడు. మధ్యలో ఆగి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. లోపలికొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నువ్వు చెప్పమ్మా."

ఆ ఇంట్లో అబద్ధాలు బాగా ఆడేది నేనే. కానీ నా మొహం చూస్తే నాన్నకు ఇట్టే తెలిసిపోయేది, చిన్నప్పటినుంచీ అంతే. ఆ రోజు నా మొహం ఆయనకు ఎంతవరకు కనపడిందో నాకు తెలీదు. "డైమన్ ఎనిమిది నాన్నా" అన్నాను.

నాన్న ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను కుట్టిన జేబే. "ఎక్కడ పెట్టాలయ్యా సంతకం?" అన్నాడు.

మొదట ఒక కన్ను, నెల తర్వాత రెండో కన్ను. రెండూ బాగా కుదిరాయి. దగ్గరి చూపు కోసం నాన్నకు ఫ్రేము బావే ఎంచాడు. తనూ ఇప్పుడు కౌంటరు దగ్గర దర్జాగా కళ్ళద్దాలు పెట్టుకునే కూర్చుంటున్నాడు.

మొన్న ఆదివారం నాన్న ఆ పేక అడిగి తెప్పించుకున్నాడు. ఇన్నాళ్ళూ దాచిన డైమన్ ఎనిమిదిని తెచ్చి అందులో కలిపి, "ముక్క తక్కువైతే ఆటెలా సాగుతుంది?" అన్నాడు. ఇద్దరూ రమ్మీకి కూర్చున్నారు. నాన్న కళ్ళద్దాలను ముక్కు కొసకు జార్చుకుని, వాటి పైనుంచి బావ వైపు తీరిగ్గా చూస్తూ ఆడాడు. వరసగా మూడు ఆటలు గెలిచాడు. "చూశారా, ఆపరేషన్ మహిమ!" అని బావ మురిసిపోయాడు.

నాలుగో ఆట మధ్యలో నాన్న అన్నాడు. "అల్లుడూ, ఎడమ చివరన ఆ ఇస్పేట్ రాణిని ఎంతసేపు మోస్తావు? పడెయ్."

బావకు తేలు కుట్టినట్టయింది. ముక్కలు గుండెకు హత్తుకున్నాడు. "మామయ్యగారూ... ఎప్పుడు తెలిసింది?"

"రెండో కంటి కట్టు విప్పిన మర్నాడు జేబులోంచి తీసి చూశాను. పువ్వు బాగా అచ్చేశారు."

"కోపం వచ్చిందా?"

నాన్న బావ చేతిలోని నీలం తీగల వైపు చూశాడు. "నువ్వు చెప్పగలిగావని రాలేదయ్యా ఆస్పత్రికి. నేను చెప్పలేకపోయానని వచ్చాను" అన్నాడు. బావ కళ్ళద్దాలు తుడుచుకునే నెపంతో కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్న చెయ్యి చాచి ఆ కళ్ళద్దాలు లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. పేక కలిపి, కొయ్యమని బావ ముందు పెట్టాడు.

"ఇప్పుడాడు చూద్దాం."