చేత్తో విప్పుకునే అలారం

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకు తిరిగే రోజుల్లో, లోకంలోని వస్తువులన్నీ తప్పుగా తయారవుతున్నాయని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఏలూరులో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతుండగా ఎక్కడినుంచో వచ్చిన ఒక మేష్టారు మాకు ఉపన్యాసం ఇచ్చారు. ఏ పరికరమూ పాడయ్యాక చెత్తకుప్పకి చేరకూడదు, సులువుగా విడిపోవాలి, దాని ముక్కలు ఇంకో వస్తువులో బతకాలి, ఆ ఏర్పాటంతా డిజైన్ చేసేటప్పుడే జరగాలి అని ఆయన చెప్పినదాని సారాంశం. క్లాసులో మిగిలినవాళ్ళంతా నిద్రపోయారు. నేను మాత్రం మారిపోయాను. (ఉద్యోగాలు ముందుగా నిద్రపోయినవాళ్ళకే వచ్చాయి.)

నాకు తాడేపల్లిగూడెంలో, స్టెబిలైజర్లు తయారుచేసే చిన్న షెడ్డులో కాయిల్స్ చుట్టే పని దొరికింది. యజమానిని మేం చాటుగా వోల్టేజీ గారు అనేవాళ్ళం. ఆయన కోపం పొద్దుటినుంచి సాయంత్రం దాకా హెచ్చుతగ్గులు లేకుండా ఒకే స్థాయిలో ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి ఆయనకు నా ఆలోచన చెప్పాను. చేపల చెరువు గట్టుకి గండి పడి నీళ్ళు తగ్గితే, కాపలా పాకలో అలారం మోగుతుంది. అన్నీ పాత సామాన్లే. జిగురు లేదు, మరలు లేవు, ఎవరైనా చేత్తో విప్పుకోవచ్చు. ఆయన విని, "నెల్లాళ్ళు ఎక్కడైనా పెట్టి చూపించవయ్యా. పనిచేస్తే ఇకనుంచి డిజైన్ పని నీది. లేదంటే కాయిల్స్ చుట్టుకో, మళ్ళీ ఈ కబుర్లు నా దగ్గర ఎత్తకు" అన్నారు. ఆ రాత్రి నాకు ఆకలి వెయ్యలేదు.

పెదపాడు అవతల, కొల్లేటి వైపు మా మామయ్యకి చేపల చెరువు ఉండేది. పాడైపోయిన ఎమర్జెన్సీ లైటులోంచి బ్యాటరీ, తెల్ల బల్బు, దేనిలోంచో బజరు, బిస్కెట్ల డబ్బా, నేను గీసి తయారుచేసిన సర్క్యూట్ బోర్డు, ఇవన్నీ కలిపి పాకలో మేకుకు తగిలించాను. నీటిమీద తేలే బంతికి వైరు కట్టాను. చూడ్డానికి నలుగురూ వచ్చారు. మామూలుగా అయితే స్విచ్చి చూపించి ఊరుకోవాలి. నేను ఉపన్యాసం ఇచ్చాను. అలారాన్ని వాళ్ళ ఎదుటే ముక్కలుగా విప్పి, మళ్ళీ కలిపి, మళ్ళీ విప్పాను. "చూశారాండీ, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఏ ముక్కకి ఆ ముక్క వస్తుంది. దేనికి కావాలంటే దానికి వాడుకోవచ్చు" అన్నాను. అందరూ శ్రద్ధగా తలూపారు. నన్ను అంత శ్రద్ధగా విన్న శ్రోతలు నాకు మళ్ళీ దొరకలేదు.

నెల తిరిగాక వోల్టేజీ గారిని స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళాను. పాకలో మేకు ఉంది. అలారం లేదు. నీటిమీద బంతి మాత్రం తేలుతోంది, దానికోసం చెరువులో దిగాలి కాబట్టి. కాపలా మనిషి పక్కనే కూర్చుని రేడియోలో క్రికెట్ వింటున్నాడు. ఆ రేడియో వెనక నా బ్యాటరీ ఉంది.

"ఏమిటి మామయ్యా ఇది?" అన్నాను, మా వెనకాలే వచ్చిన మామయ్యతో.

"నువ్వేగా వాడుకోవచ్చన్నావు. బాగా పనిచేస్తోందిరా" అన్నాడు మామయ్య. "పక్కింటి దర్జీ సాయిబు గారు వచ్చి, కరెంటు పోతే సూది కనపడటం లేదండీ, నా టార్చిలో వేసుకుంటాను, ఆ బల్బు ఇప్పిస్తారా అన్నారు. పెద్దాయన నోరు తెరిచి అడిగాక ఎలా కాదంటాం?"

ఇంటికెళ్ళి చూస్తే, బజరు మా అత్తయ్య గుమ్మానికి కాలింగ్ బెల్లయింది. డబ్బాలో మామయ్య చుట్టలున్నాయి. నా సర్క్యూట్ బోర్డు, అంటే మొత్తంలో నేను సొంతంగా డిజైన్ చేసిన ఒకే ఒక్కటి, డాబా మీద ఒడియాల పైన తాడుకి వేలాడుతోంది. "ఎండకి తళతళా మెరుస్తుంటే కాకులు వాలట్లేదు నాయనా. చాలా మంచిది చేశావు" అంది అత్తయ్య. నాకు ఏడుపొచ్చింది. డిజైన్ పని పోయినట్టే.

వోల్టేజీ గారు మజ్జిగ తాగి, "అయితే ఒకసారి మోగించి చూపించు" అన్నారు.

మామయ్య కబురు పెట్టాడు. సాయిబు గారు బల్బు, కాపలా మనిషి బ్యాటరీ పట్టుకుని పాకలోకి వచ్చారు. మామయ్య చుట్టలు పంచెలో పోసుకుని డబ్బా ఇచ్చాడు, అత్తయ్య బజరూ బోర్డూ తెచ్చి ఇచ్చింది. నేను అన్నీ కలిపాను. ఇట్టే కలిసిపోయింది. బంతిని కిందికి లాగితే ఊరంతా వినపడేలా మోగింది. నా ప్రాణం లేచొచ్చింది. సాయిబు గారు, "అయిందాండీ? పెళ్ళిబట్టలు కుట్టేవి ఉన్నాయి, బల్బు తీసుకెళ్ళనాండీ?" అన్నారు. ఎవరి ముక్క వాళ్ళు చేత్తోనే, నేను నేర్పినట్టే, విప్పుకుని సెలవు తీసుకున్నారు. మా యజమాని కళ్ళెదుటే అలారం వచ్చి, మోగి, వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో ఆయన, ఏలూరు రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, "పనిచేస్తుందయ్యా. దానికి నాలుగు మరలు బిగించు. ఎవరి ఇంట్లోనూ లేని స్క్రూడ్రైవర్‌తో" అన్నారు.

బిగించాను. డిజైన్ పని నాదయింది. మరలు బిగించిన అలారం జోలికి ఎవరూ పోలేదు, గట్టు తెగిన రోజు మోగింది కూడా. మామయ్య చేపలు దక్కాయి. కొన్నాళ్ళకి వాననీళ్ళు లోపలికి దిగి అలారం చచ్చిపోయింది. పాత సామాన్లు కొనేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విప్పడం కుదరక, గట్టు మీదే వదిలేసి పోయాడట.

ఇప్పుడు నా సంతకంతో బయటికి వెళ్ళే ప్రతి పెట్టెకీ మరలుంటాయి, వాటి మీద చింపకూడని స్టిక్కరు ఉంటుంది. జీతం బాగుంది. కొత్తగా చేరిన పిల్లలు మీటింగుల్లో తెర మీద గుండ్రటి బాణాలు గీసి, ఏ ముక్కా వృథా కాకూడదని నాకు వివరిస్తుంటే తలూపుతూ వింటాను. నా జీవితంలో నేను చేసిన వస్తువుల్లో ఒక్క ముక్క కూడా వృథా కానిది ఒక్కటే ఉంది. ఆ రోజు దాన్ని చూసి ఏడవబోయాను, పిచ్చి సన్నాసిని.