సంతకాల తర్వాత పంపమన్న దరఖాస్తు

1979 వేసవి సెలవుల తర్వాత కోర్టు తెరిచిన వారంలోనే బసప్ప పంపకం దావా మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. జహీరాబాద్ మున్సిఫ్ కోర్టులో సొంతంగా బోర్డు పెట్టుకుని అప్పటికి నాకు నాలుగేళ్లు. న్యాల్‌కల్ దగ్గర ఒక చెరుకు తోట, దాన్ని తడిపే బావి అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి. తమ్ముడు బసప్ప నా కక్షిదారు, అన్న శరణప్ప ప్రతివాది. ఏళ్లు కొట్లాడి చివరికి రాజీకి ఒప్పుకున్నారు. రాజీ పత్రం మీద ఉభయులూ సంతకాలు చేసి దాఖలు చేస్తే దాని ప్రకారమే డిక్రీ అవుతుంది. ఆ లోపు ఎవరైనా అడ్డం తిరగవచ్చు. సంతకం తడి ఆరేదాకా ఎవరినీ నమ్మవద్దని మా సీనియర్ అనేవారు. నాకు ఆ పాఠం అక్కర్లేదు, నేను పుట్టుకతోనే అనుమానపు పక్షిని.

బసప్ప కూతురు మహాదేవి సంగారెడ్డిలో బి.ఏ. పూర్తి చేసింది. హైదరాబాదులో లా చదువుతానని, దరఖాస్తు ఫారం పట్టుకుని తండ్రితో మా ఆఫీసుకు వచ్చింది. గడువు జూలై నడుమ దాకా ఉంది. ఈ ఏడు సీటు రాకపోతే పెళ్లి చేసేస్తానని బసప్ప తెగేసి చెప్పాడు. ఫారం ఎప్పుడు పంపాలో నన్ను అడిగారు.

నా ఆలోచనంతా శరణప్ప మీదే. తమ్ముడి ఇంట్లో వకీలు తయారవుతోందని తెలిస్తే, ఇవాళ రాజీ పడి రేపు కూతురితో తిరగదోడిస్తాడని అనుకోడా? పైగా మార్కుల పత్రాల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి ముద్ర కావాలి. సర్కారు దవాఖానా డాక్టరు దగ్గర ముద్ర వేయించుకుంటే సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ, కోహీర్ దాకా తెలిసిపోతుంది. ముందు సంతకాలు, ఆ తర్వాతే దరఖాస్తు అన్నాను. మహాదేవి ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీరు ఎట్లంటే గట్లనే, వకీల్ సాబ్" అని వెళ్లిపోయింది.

మొదటి వాయిదాకు శరణప్ప ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. రెండోదానికి వచ్చాడు గానీ, పత్రం మళ్లీ చదివించుకోవాలని తన వకీలు చేత గడువు అడిగించాడు. నన్ను చూసి నవ్వీ నవ్వనట్టు తల ఊపాడు. మర్నాడు పోస్టాఫీసు ముందు టీ తాగుతూ కనిపించాడు. న్యాల్‌కల్ మనిషికి ఇక్కడి పోస్టాఫీసుతో ఏం పని? గుమస్తా చేత ఆరా తీయిస్తే, చిరాగ్‌పల్లిలో దస్తావేజులు రాసే ఒకాయనకు మా పత్రం నకలు చూపించి మాట మాటకూ అర్థం అడిగాడని తెలిసింది. దరఖాస్తు సంగతి వాసన పట్టాడని ఖాయం చేసుకున్నాను. బసప్పను పిలిచి, ఇంట్లో లా అన్న మాటే ఎత్తవద్దన్నాను.

మూడో వాయిదా నాటికి దరఖాస్తుల గడువు దాటిపోయింది. కోర్టు వరండాలో తండ్రి పక్కన మహాదేవిని చూస్తే ప్రాణం ఉసూరుమంది. వచ్చే ఏడు చూద్దామని ఎలా చెప్పాలా అనుకుంటుండగా, శరణప్ప తన వకీలుతో కలిసి నేరుగా నా ముందుకు వచ్చాడు.

"వకీల్ సాబ్, మా పిల్ల లా సదువుతదని నాకెందుకు జెప్పలే?"

బసప్ప తెల్లబోయి కూతురి వైపు చూశాడు. మీకెవరు చెప్పారని అడిగాను.

"పిల్లనే జెప్పింది. మీ తాన్నుంచి వచ్చిన దినమే. ముద్రకు దవాఖానకు తోల్కపోయింది నేనే, పోస్టుల ఏసింది నేనే. జవాబు ఇంటికి గాక ఈడి పోస్టాఫీసుకే రమ్మన్నం, వచ్చిందా అని అడగనీకి తిరుగుతున్నది గూడ నేనే. సంతకాలయ్యేదాంక నాకు తెల్వొద్దన్నరట గద. పిల్ల సదువే దాచెటోడు గీ కాగితంల ఇంకేం దాచిండో అని నాకు అనుమానమైంది."

కోహీర్ దాకా తెలిసి ఉండే సంగతి నాకూ బసప్పకే తెలియలేదు.

"దాచి పంపితే పెద్దనాయిన మమ్ముల మళ్ల నమ్మడు. మీకు జెప్తే వద్దంటరని జెప్పలే" అంది మహాదేవి.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. శరణప్ప పత్రం తీసి నాకివ్వలేదు, ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు సదువు బిడ్డా" అన్నాడు. ఆమె వరండాలో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది. బావి నీళ్ల వంతుల దగ్గర ఆయన రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత సంతకం చేశాడు. ఆ మధ్యాహ్నమే డిక్రీ అయింది. తర్వాత నెలలో మహాదేవికి సీటు వచ్చింది.

నా సలహా తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. శరణప్ప స్థానంలో ఇంకొకరుంటే రాజీ చెడేది. కానీ శరణప్ప ఎలాంటి మనిషో ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు తెలుసు. నేను ఆమెను అడగలేదు. ఆ తర్వాత ప్రాక్టీసు చేసినన్నాళ్లూ, "మీరు ఎట్లంటే గట్లనే" అన్న కక్షిదారును వెంటనే వెళ్లనివ్వలేదు. కూర్చోబెట్టి, ఎదుటి పక్షానికి ఇప్పటికే ఏమేం చెప్పారో అడిగేవాణ్ణి. చాలామంది ఎంతో కొంత చెప్పే ఉండేవారు.