ఏరు తిరిగింది, మేకు తిరగలేదు

రెస్ మామ పడవలో ముక్కువైపు పలకకి ఒక రాగి మేకు ఉండేది. నమాజుకి నిలబడే ముందు దాన్ని చేత్తో తడిమి, దానికెదురుగా చాప పరిచేవాడు.

ఎండాకాలమంతా మా ఏరు పెద్ద సరస్సు నుంచి కిందికి పారుతుంది. లంగరేసిన పడవల ముక్కులన్నీ ఎగువకి, అంటే ఇంచుమించు పడమటికి చూస్తాయి. మక్కా అటే. వానలు ముదిరి మీకాంగ్ పొంగిందంటే నీళ్లు ఎదురు తన్ని మళ్లీ సరస్సులోకే పారతాయి. పడవలన్నీ తిరిగి తూర్పుకి మొహం పెడతాయి. ఆ రోజు మామ మేకు ఊడబీకి పడవ వెనకవైపు కొట్టేవాడు; వానలు వెనక్కి తగ్గి ఏరు మళ్లీ కిందికి మళ్లాక తిరిగి ముక్కుకి. నలభై ఏళ్లలో ఒక్కసారీ మరచిపోలేదు.

పడవ సందుల్లో నార కూరి గుగ్గిలం పూయడం ఆయన పని. నేను పలకలు కోసి బిగిస్తాను. పద్దెనిమిదేళ్లు పక్కపక్కనే చేశాం. ఆయన పూసిన సందు మూడు వానలకైనా చెమ్మ పట్టేది కాదు. ఈ సంగతి జరిగిన ఏడాది మాత్రం రెండు పడవలు కారుతూ తిరిగొచ్చాయి. ఒక సందులో జానెడు మేర నారే లేదు, పైన గుగ్గిలం మాత్రం నున్నగా ఉంది. ఆయనకి చెప్పకుండా నేనే కూరేశాను. చెప్పవలసింది.

మామ భార్య తీమాహ్ అత్త, కూతురి పురుడికని ఎగువ ఊరికి వెళ్లింది. అప్పుడే మామకి జ్వరం తగిలింది. రెండు రోజులు పడవ గూడు కింద నుంచి కదల్లేదు. గంజి నేనే అందించాను. రెండో రాత్రి ఏరు తిరిగింది. తెల్లారాక కూడా మబ్బు మూసుకునే ఉంది, సూర్యుడి జాడ లేదు.

ఆ మధ్యాహ్నం రేవు నుంచి అత్తని నా చిన్న పడవలో తీసుకొచ్చాను. దగ్గరికొచ్చేసరికి మామ చాపకి నుదురానించి సజ్దాలో ఉన్నాడు. మేకుకి ఎదురుగానే. అత్త నా తెడ్డు పట్టుకుని ఆపింది. ఆయన నమాజు ముగించేదాకా ఆగి అడిగింది.

"ఏమయ్యా, బాతుల షెడ్డుకి ఎప్పట్నుంచి మొక్కుతున్నావు?"

తూర్పు ఒడ్డున ఉన్నది బాతుల షెడ్డే మరి.

"వచ్చావా! పిల్లెలా ఉంది?"

"తల్లీ బిడ్డా బాగున్నారు. మగపిల్లాడు. నువ్వు మాట మార్చకు. ఏరు తిరిగిందయ్యా!"

మామ నవ్వబోయాడు. "జ్వరంలో చూసుకోలేదే."

అత్త పడవెక్కి ఆయన మొహం ముందు వేళ్లు పెట్టింది. "ఎన్ని?"

"ఈ వయసులో ఆటలేంటి నీకు?"

"ఎన్నయ్యా?"

మామ చాప మడత పెట్టుకుంటూ ఉండిపోయాడు.

"ఎప్పట్నుంచి?" అంది అత్త, గొంతు తగ్గించి.

"పోయినసారి ఏరు తిరిగినప్పట్నుంచి."

శుక్రవారం మసీదుకి నా భుజం పట్టుకుని వచ్చాడు. నమాజయ్యాక మా మసీదు పెద్ద హాకెం దగ్గర కూచుని జరిగింది చెప్పాడు.

"తెలియక ఏ దిక్కుకి చేసినా చెల్లుతుంది పెద్దాయనా," అన్నాడు హాకెం. "మనవడు క్షేమంగా పుట్టాడు. ఇంకేం దిగులు?"

"తెలియక కాదు బాబూ. పక్క పడవవాణ్ణి 'పడమర ఎటురా' అంటే చెప్పేవాడు. అడిగితే నా కళ్లు పోయాయని తెలిసిపోతుంది. తెలిస్తే నార కూరమని పడవ ఎవడిస్తాడు నాకు? కళ్లు ఇంకో ఏడాది నిలపమని అల్లాని అడిగాను గానీ, దిక్కు మాత్రం మనిషిని అడగలేదు."

"అయితే ఇకనుంచి అడగండి," అన్నాడు హాకెం.

తిరిగొచ్చేటప్పుడు పడవలో మామ ఉన్నట్టుండి అడిగాడు.

"ఒరేయ్ సాలేస్, పలకకి దారం పట్టి ఎందుకు చూస్తావు?"

"వంకర తెలియడానికి."

"దాంతో దారానికేమన్నా ఒరుగుతుందా?"

"దారానికేం ఒరుగుద్ది మామా!"

"నమాజంటూ రోజుకి ఐదుసార్లు దారం పట్టాన్రా నేను. నాలో వంకర కనబడ్డా చూడనట్టు లేచిపోయాను."

అప్పుడు నేనూ ఆ రెండు పడవల సంగతి చెప్పేశాను. ఆయన చెయ్యి నీళ్లలో పెట్టాడు.

"ఎంత మేర?"

"జానెడు."

"జానెడా! ముందే చెప్పొద్దురా, దొంగ వెధవా? మునిగితే ఏం చేసేవాడివి?"

మర్నాడు తెల్లవారుజామున రేవులో పడవలన్నీ ఉలిక్కిపడేలా ఒక కేక వినిపించింది. "ఒరేయ్, పడమర ఎటు?"

ఎవరో నిద్రగొంతుతో దిక్కు చెప్పారు. పగలయ్యేసరికి మామకి కళ్లు కనిపించవన్న సంగతి రేవంతా పాకింది. ఇద్దరు తమ పడవలు బాగుచేతకి అవతలి ఒడ్డుకి తీసుకుపోయారు. వాళ్లని తప్పు పట్టలేం. మిగిలినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మామ సందు వెంట చూపుడువేలు నడుపుతూ నార కూరతాడు. వెనకే నేను చూసుకుంటూ వస్తాను. ఇదివరకు ఒక రోజు పట్టే పని ఇప్పుడు మూడు రోజులు పడుతుంది. జానెడు కాదు గదా, వేలెడు ఖాళీ కూడా నాకు దొరకలేదింతవరకు.

రాగి మేకు ఊడబీకాడు, మళ్లీ ఎక్కడా కొట్టలేదు. ఆ బెజ్జంలో గుగ్గిలం నింపేశాడు. ఐదుపూటలా అడుగుతాడు, ఎవరు దగ్గరుంటే వాళ్లని. అత్త ఉంటే భుజాలు పట్టుకుని ఆమే తిప్పి నిలబెడుతుంది.

"ఇటేనా?"

"ఇటే. బాతులు నీ వెనక ఉన్నాయి. కానియ్."