తల ఎత్తిన వంకాయ పువ్వు

లమ్యాయి టీచరు గురించి ఎవరిని అడిగినా పొగుడుతారు. నన్ను అడిగితే మాత్రం ఇలాగే ఉంటుంది. ఆవిడ చెప్పేది మూడో తరగతికి, నేను నాలుగుకి. మధ్యన ఉన్నదల్లా ఒక ప్లైవుడ్ చెక్క.

మా సురిన్ జిల్లా పల్లెల్లో పట్టుపురుగులు ఎవరింట్లో లేవు? ఆవిడ వాటిని వెదురు తట్టలో పెట్టుకుని క్లాసుకే తెచ్చింది. పురుగు ఎంత పెరిగిందో పిల్లలు దారంతో కొలుస్తారు, అది లెక్కలట. గూళ్ల నుంచి పట్టు తీశాక మిగిలిన పురుగుల్ని ఉప్పేసి వేయించుకుని తింటారు, అది సైన్సట. ఇవతల ఎక్కాలు చదవాల్సిన నా పిల్లలు ఆ వాసనకు చెక్క సందులోంచి తొంగిచూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

మేమిద్దరం ఇదే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పుడు ఫస్టు నేను. ఆవిడ నేతవాళ్ల పిల్ల, పుస్తకం ఇస్తే నట్లు కొట్టేది. పెళ్లి చేసుకోలేదు. సెలవొస్తే ఇప్పటికీ వాళ్లమ్మ మగ్గం ముందే కూర్చుంటుంది, వేళ్లకు లక్క రంగు వదలదు. పొద్దున్నే పాత మోటారుసైకిలు మీద, వెనక బుట్టలో మట్టో, గవ్వలో, ఏదో ఒక చెత్త వేసుకుని వస్తుంది. ఆ బుట్ట కనిపిస్తే చాలు, పిల్లలు గేటు దాకా పరిగెత్తుతారు. నా బండికి ఎదురొచ్చిన పిల్ల ఒక్కతీ లేదు.

నా కూతురు కుంగ్‌తో సహా. నిరుడు అది ఆవిడ క్లాసు. "లమ్యాయి టీచరు ఇలా చెప్పింది" అనకుండా ఇంట్లో దానికి ముద్ద దిగేది కాదు. ఈ ఏడు నా క్లాసుకు వచ్చింది. జూన్‌లో గురుపూజ. ప్రతి క్లాసూ పూలపళ్లెం తయారుచేస్తుంది, ఒక పిల్ల దాన్ని మోకాళ్ల మీద నడుస్తూ తెచ్చి టీచరుకిచ్చి మొక్కుతుంది. మా పిల్లలు కుంగ్‌ను ఎన్నుకున్నారు. అందరిలోకీ మంచి పళ్లెం పట్టుకుని నా బిడ్డ నాకు మొక్కాలి, అది లమ్యాయి కళ్లారా చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

పళ్లెంలో గరిక ఉండాలి, నూరువరహాలు ఉండాలి, వంకాయ పువ్వు ఉండాలి. పిల్లలు బుధవారమంతా కూర్చుని కుట్టారు. ఒక్క అరటాకు మడతా తిన్నగా లేదు. ఇంటికి తెచ్చి అంతా విప్పి మళ్లీ కుట్టాను. వంకాయ పువ్వులు వేలాడుతుంటే కాడల్లో సన్నటి ఇనుప తీగ దూర్చి నిలబెట్టాను.

"నేను కుట్టింది విప్పేశావా?" అంది కుంగ్.

"వంకరగా ఉందే."

"వంకరదే మాది."

అన్నం తినకుండా లేచిపోయింది. పిల్లచేష్టలే అనుకున్నాను.

గురువారం హాల్లో టీచర్లమంతా కుర్చీల్లో కూర్చున్నాం. మూడో తరగతి పళ్లెం వచ్చింది, ఒక పక్కకు ఒరిగిపోయి. నా కడుపు చల్లబడింది. వెనకే కుంగ్ వచ్చింది. పళ్లెంలో వంకాయ పువ్వులన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

అది నా కాళ్ల ముందు వంగింది. పళ్లెం అందుకుంటూ పంటి బిగువున అడిగాను. "తీగలేవే?"

"తీసేశాను, టీచర్." బడిలో నన్ను అందరిలాగే పిలుస్తుంది. "వంకాయ పువ్వు తల వంచుకునే ఉండాలి. టీచరు ముందు మనమూ అలా ఉండాలనే కదా పెట్టేది. తల ఎత్తితే ఇక వంకాయ పువ్వెందుకు?"

ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన సంగతి. నాకే ఎలా మతిపోయిందో. అయినా ఊరుకోలేకపోయాను.

"నీకెవరు చెప్పారు?"

"లమ్యాయి టీచరు."

అనుకున్నంతా అయింది.

కుంగ్ లేవబోతూ ఆగి, గొంతు తగ్గించింది. "నువ్వే చెప్పావటగా అమ్మా, ఆవిడకి? చిన్నప్పుడు గురుపూజ పాఠం చదవడం రాక ఆవిడ ఏడుస్తుంటే, చేతిలో వంకాయ పువ్వు పెట్టి చూపించావట. చేత్తో పట్టుకుంటే అర్థమవుతుందని నీ దగ్గరే నేర్చుకుందట. ప్రతి క్లాసుకీ అదే చెబుతుంది."

అటు చూశాను. లమ్యాయి ఒరిగిన పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని, రంగు వేళ్లతో పట్టుకుని, నన్నే చూసి నవ్వుతోంది.

నాకా సంగతి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చూశారా, అది కూడా ఆవిడ దగ్గరే ఉంది.